దక్షిణానికి తిప్పని సోలార్ ప్లేటు

ఇంటి మీద సోలార్ ప్లేటు ఎటు వైపు ఉండాలో సూర్యుడు చెప్పాలి గానీ మా పెద్దబాపు చెప్పకూడదు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో వాళ్ళ తలకెక్కడానికి ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టాయి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయింది కదా, ఈపాటికి చల్లారి ఉంటుందిలే అనుకుంటారు అందరూ. చల్లారలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రెంజల్ వైపు నుంచి, వర్ని వైపు నుంచి, అవతలి మహారాష్ట్ర ఊళ్ళ నుంచి వచ్చే బండ్ల వాళ్ళతో ఆయనకు పొద్దంతా మాటలే. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ కలిపి కొట్టేవాడు. రిటైరయ్యాక కూడా వాకిట్లో కుర్చీ వేసుకుని, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ ఆపి మాట్లాడందే ఆయనకు పొద్దు గడిచేది కాదు. నేను ఆయనకు ఒక్కగానొక్క బిడ్డను. వర్ని దగ్గర ఒక ఊరి బడిలో టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళ మీద రాయాలంటే అది వేరే కోపం, దాని కథ వేరే ఉంది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. నోరు వంకరపోయి, మాట ముద్దగా, ఒక్కో ముక్కా లాగి లాగి వచ్చేది. నిజామాబాద్‌లో ఆసుపత్రిలో ఉంచి, కాస్త కుదుటపడ్డాక ఇంటికి తెచ్చాం. ముందు గదిలో వాకిలికి ఎదురుగా మంచం వేశాం. రెండు నెలలు తిరిగేసరికి నడుం కింద పుండు లేచింది. డాక్టరు వచ్చి చూసి, "మందు రాసుడు ఒక్కటే సాలదు టీచరమ్మా. గాలి తగలాలె, తడి ఆరాలె. ఫ్యాను ఆగకుంట సూసుకోండ్రి" అని చెప్పిపోయాడు.

ఫ్యాను ఆగకుండా చూసుకోవడం ఎవరి చేతిలో ఉంది? కరెంటు పొద్దున పోయేది, మధ్యాహ్నం పోయేది, మొగులైతే పోయేది, ఎండైతే పోయేది. చెప్పి పోయేది కొన్నిసార్లు, చెప్పకుండా పోయేది చాలాసార్లు. కరెంటాఫీసుకు ఫోన్ చేసి అడిగితే, "పైనుంచే పోయింది మేడం" అనేవాళ్ళు. ఆ పైన ఎవరున్నారో, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికైనా వీపు మీద పుండు ఉందో లేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అవ్వ, అంటే మా అమ్మ, మంచం పక్కన పీట వేసుకుని విసనకర్రతో విసురుతూ ఉండేది. కుడి చెయ్యి నొప్పి పుడితే ఎడమ చెయ్యి, అదీ పుడితే మళ్ళీ కుడి. దసరా నాటికి ఆమె భుజం వాచి, కొప్పు ముడుచుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవడం మానేసింది.

మా హెడ్మాస్టర్ ఇంటి మీద అప్పటికే సోలార్ ఉంది. ఒక ప్లేటు, ఒక బ్యాటరీ, రెండు లైట్లు. ఇంకో ప్లేటు వేసుకుంటే బ్యాటరీ మీద నడిచే ఫ్యాను కూడా తిరుగుతుందని ఆయన చెప్పాడు. ఆ ఆదివారమే నిజామాబాద్ పోయి దుకాణంలో మాట్లాడి వచ్చాను. ఎంత పడిందో ఇక్కడ రాయను. అప్పట్లో అడిగినవాళ్ళందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "గంత పెట్టి ఎండను కొనుక్కుంటివా టీచరమ్మా" అని పక్కింటామె నవ్వింది కూడా. నవ్వితే నవ్వింది, ఆమె ఇంట్లో మొగుడు లేచి తిరుగుతున్నాడు కదా.

దసరా పోయిన వారానికి దుకాణం నుంచి మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, నోట్లో పాన్, చేతిలో పానాల సంచి. మేడెక్కి నాలుగు దిక్కులూ చూసి, దక్షిణం పిట్టగోడ దగ్గర నిలబడి, "గీడ పెడ్దాం మేడం. పొద్దున్నుంచి పొద్దూకేదాక నీడ పడది. మొహం దక్షిణం దిక్కుంటది" అన్నాడు.

సరే అన్నాను. నేను మూడో తరగతి పిల్లలకు దిక్కులు చెప్పేదాన్ని. మన వైపు చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అప్పుడు మెట్లెక్కి వచ్చాడు మా పెద్దబాపు. బాపుకు అన్న, మా వెనక గల్లీలోనే ఇల్లు. ఆయనకు వాస్తు పిచ్చి. ఎవరి ఇంటికి పోయినా ముందు చెప్పులు విడిచే చోటు నుంచే తప్పులు పట్టడం మొదలుపెడతాడు. ఆయన మాట విని మా బంధువుల్లో ఒకరు వంటగదిని పడగొట్టి స్నానాల గుసల్‌ఖానా చేశారు, గుసల్‌ఖానాను వంటగది చేశారు. ఇప్పటికీ ఆ ఇంట్లో అన్నం తినబుద్ధి కాదు నాకు.

"దీని మొహం ఎటు?" అన్నాడు పెద్దబాపు.

"దక్షిణం సార్" అన్నాడు మెకానిక్.

పెద్దబాపు నా వైపు తిరిగి, "నీకు సదువు ఎక్కువైంది బిడ్డా. ఇంట్ల మనిషి మంచంల పడి ఉన్నడు. నెత్తి మీద అద్దమసొంటిది తెచ్చి యముని దిక్కు సూపెడ్తవా? ఈ ఇల్లు గీడున్నదని పిలిచి సూపెట్టినట్టు కాదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అవ్వ కింది నుంచి వచ్చింది. ఆ మాటలు మెట్ల మీద నుంచే విన్నది. నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. నాకీ ఫ్యాను లేకున్నా మంచిదే. సచ్చేదాక నేనే ఇసురుత. నా పుస్తెల మీదికి తేకు" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

పుస్తెల మాట వచ్చాక నేనేం మాట్లాడను? మాట్లాడాల్సింది. ఇప్పుడు మాట్లాడతాను, ఎవరడిగినా మాట్లాడతాను. ఆ రోజు మాత్రం పిట్టగోడ పక్కకు జరిగి నిలబడ్డాను.

పెద్దబాపు తూర్పు మొహం అన్నాడు. తూర్పంటే దేవుని దిక్కు, ఈశాన్యం మూల అన్నాడు. మళ్ళీ తనే, ఈశాన్యంలో బరువు పనికిరాదు అన్నాడు. మూల నుంచి జానెడు జరపమన్నాడు, ఇంకా నాలుగు మూరలు జరపమన్నాడు. జరిపి జరిపి చివరికి తూర్పు పిట్టగోడకూ మెట్ల గది గోడకూ నడుమ ఉన్న ఇరుకులో ప్లేట్లు నిలబెట్టించాడు. ఒకపక్క అంత మేడ ఖాళీగా ఉంది, ఎండ ఏరులా పారుతోంది. మా ప్లేట్లు మాత్రం గోడ వెనక నక్కి కూర్చున్నాయి.

మెకానిక్‌కు ఇవేవీ పట్టలేదు. పాన్ పక్కకు ఉమ్మి, "మాకేముంది మేడం, ఎటు పెట్టమంటే అటు పెడ్తం" అన్నాడు. కానీ పోయే ముందు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఇంటివాళ్ళ ఇష్టప్రకారం చోటు, దిక్కు మార్చి బిగించామని దాని మీద రాసి సంతకం పెట్టమన్నాడు. వాడికి అన్నీ తెలుసు. అది పనిచేయదని తెలుసు, రేపు నేను దుకాణం మెట్లెక్కి అరుస్తానని తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట గట్టిగా చెప్పడానికి వాడికి నోరు రాలేదు, కాగితం రాయడానికి మాత్రం చెయ్యి వచ్చింది. నేను సంతకం పెట్టాను.

వైరు మేడ మీద నుంచి వాకిలి పక్క గోడ వెంట దిగింది. బ్యాటరీ ఆ మూలనే పెట్టారు, లారీకి వేసేదంత పెద్దది. ఫ్యానును కూడా ఆ గోడకే బిగించారు. గాలి బాపు వీపు మీద పడాలి కదా. అందుకని మంచాన్ని వాకిలి ఎదుట నుంచి లోపలి గోడ దాకా జరిపి, ఆయన్ని ఎడమ పక్కకు, గోడ వైపు ఒత్తిగిలేలా పడుకోబెట్టాం. స్విచ్ వేస్తే గాలి సరిగ్గా పుండు మీద పడింది. అవ్వ విసనకర్రను దండెం మీద పెట్టి, చాలా రోజుల తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ చలికాలమంతా మా ఇంటికి జాతర. సోలార్ చూస్తామని గల్లీ వాళ్ళు, బంధువులు, ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మేడ మీదికి పోయేవాళ్ళు. ఫ్యాక్టరీ నడిచే రోజులు అవి. గొట్టం నుంచి నల్ల మసి వచ్చి ప్లేట్ల మీద పడితే అవ్వ పొద్దున్నే తడిబట్టతో తుడిచి, అంచుకు కుంకుమబొట్టు పెట్టేది. పెద్దబాపు పక్కన నిలబడి దిక్కు ఎట్లా నిర్ణయించాడో అందరికీ వివరించేవాడు. బాపు అప్పుడప్పుడు మూలిగేవాడు. అవ్వ పోయి దుప్పటి సర్దేది.

చలికాలం కాబట్టి ఫ్యాను పని తక్కువ. మధ్యాహ్నం కాసేపు, మందు రాశాక కాసేపు. దానికే బ్యాటరీ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగేది. నేను చూశాను. చూసి, మబ్బు పట్టిందేమో అనుకున్నాను, మసి పడిందేమో అనుకున్నాను. బ్యాటరీ నీళ్ళు తెచ్చి పోశాను.

శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి, కరెంటు కోతలు ముదిరాయి. ఫ్యాను గంట తిరిగి ఆగేది. తర్వాత అరగంటకే ఆగేది. మానుతూ వచ్చిన పుండు మళ్ళీ పచ్చి చేసింది. అవ్వ దండెం మీది విసనకర్ర మళ్ళీ చేతికి తీసుకుంది. వాచిన భుజంతో అట్లా ఊపుతుంటే చూడలేక నేను ఒక ఆదివారం పొద్దున్నుంచి మేడ మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో మెట్ల గది నీడ ఎక్కడెక్కడికి వస్తుందో గీతలు గీశాను. పొద్దుటి పూట ఎండ బాగానే పడింది. ఒంటిగంట దాటగానే నీడ ప్లేటు అంచు తాకింది. రెండున్నర కాకముందే రెండు ప్లేట్లనూ మింగేసింది. బోధన్ ఎండకు రోడ్డు మీద తారు కరిగే వేళ, మా ప్లేట్లు చల్లగా నీడపట్టున సేదతీరుతున్నాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అవ్వను పైకి పిలిచి గీతలు చూపించాను. "నాకు గీతలు సమజ్ కావు బిడ్డా" అని దిగిపోయింది. పెద్దబాపును పిలిచి చూపించాను. ఆయన గీతల వైపు చూడనే లేదు. "మీ బాపు బతికున్నడా లేడా?" అని అడిగాడు. ఉన్నాడు అన్నాను. "మరి అది తూర్పు మొహం మహిమ కాదా?" అన్నాడు. ఈ మాటకు ఏ బడిలో చదివినవాళ్ళు ఏం జవాబు చెప్తారో చెప్పమనండి. బాపు బతికున్నంత కాలం పెద్దబాపు మాటే నిజం. నిజం కాదని తేలాలంటే బాపు పోవాలి. ఇంత గట్టి వాస్తు ఇంకెక్కడా ఉండదు.

కనీసం బ్యాటరీ అయినా మార్పిద్దామని సెలవు పెట్టి నిజామాబాద్ పోయాను. మిట్టమధ్యాహ్నం, బస్సులో కూర్చోవడానికి చోటు లేదు. దుకాణంలోకి పోతూనే మొదలుపెట్టాను. ఆరు నెలలు కాలేదు, బ్యాటరీ చచ్చింది, ఇంట్లో రోగి ఉన్నాడు, మీకు మనసు లేదా అని అడిగాను. సామాన్లు కొంటున్న వాళ్ళంతా ఆగి చూశారు. దుకాణదారు నన్ను చివరి దాకా అననిచ్చాడు. తర్వాత ఫైలు తెరిచి కాగితం నా ముందర పెట్టాడు.

"గీ సంతకం మీదే కదా మేడం?"

నాదే. పిల్లల కాపీ పుస్తకాల మీద పెట్టే గుండ్రని సంతకం.

"సగం సగం చార్జింగు మీద చలికాలమంత నడిచినాక ఏ బ్యాటరీ అయినా గంతే. మొద్దుబారిపోతది. మావోడు దక్షిణం పెడ్తనంటే మీరే వద్దన్నరంట. మా తప్పేమున్నది?"

తల కొట్టేసినట్టయింది. వాళ్ళ తప్పు లేదని కాదు. తెలిసీ బిగించిన వాడిది తప్పు కాకుండా ఎట్లా పోతుంది? ఆ మాటే అన్నాను. ఆయన చల్లగా, "కస్టమర్ చెప్పినట్టు చేసుడే మా పని" అన్నాడు. తిరుగు బస్సులో నాలోంచి ఆవిరి వచ్చింది. కరెంటు వాళ్ళ మీద కోపం, పాన్ మెకానిక్ మీద కోపం, పెద్దబాపు మీద, అవ్వ పుస్తెల మీద, నా గుండ్రని సంతకం మీద. బాపు కోసం ఈ ఊళ్ళో పోట్లాడేదాన్ని నేనొక్కదాన్నే అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. అవ్వ విసురుతోంది. పెద్దబాపు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన చాయ్ తాగడం చూడగానే నాకు పట్టరాని కోపం వచ్చింది. పక్కింట్లో పానా అడుక్కొచ్చాను.

"ఇప్పుడే పోయి నేనే తిప్పుత. దక్షిణానికే తిప్పుత. యముడు వస్తే నాతోని మాట్లాడుమను" అన్నాను.

పెద్దబాపు కప్పు కింద పెట్టాడు. "ఆడపిల్లవని ఊకుంటున్న. తమ్మునికి ఏమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?"

"పుండు కుళ్ళి అయితే ఎవలు చెప్తరు పెద్దబాపూ? నువ్వు చెప్తవా?"

అవ్వ వచ్చి మెట్లకు అడ్డంగా నిలబడింది. "మీ బాపునడుగు. ఆయన ఒప్పుకుంటే తిప్పు. ఆయన సరేనంటే నేను అడ్డం రాను."

ఒప్పుకోడని ఆమె నమ్మకం. ఒప్పుకుంటాడని నాకూ నమ్మకం లేదు. బాపు కూడా పెద్దబాపుతో ఒకే ఇంట్లో పెరిగినవాడే కదా. అయినా మాట వచ్చింది కాబట్టి మంచం దగ్గరికి పోయాను. ఆయన మొహం చూసి అడగాలంటే మంచానికీ గోడకూ నడుమకు పోవాలి. అక్కడ బెత్తెడు సందు. మంచం కాస్త లాగి, చీర కుచ్చిళ్ళు ఒడిసిపట్టుకుని, గోడకు వీపు ఆనించి ఆ సందులో ఇరుక్కుని కూర్చున్నాను. మంచం జరిపిన నాటి నుంచి నేను ఆ పక్కకు పోవడం అదే మొదలు. అన్నం పెట్టినా, మందు రాసినా, బట్టలు మార్చినా అంతా ఇవతలి నుంచే. నా చెవి పక్కన గోడకు సున్నం ఊడి ఉంది. అరచేయంత మేర, ఆయన ఎడమ చెయ్యి అందే చోట, గోకి గోకి ఇటుక కనపడుతోంది.

"బాపూ" అన్నాను. "మీదున్న ప్లేట్లను దక్షిణం దిక్కు తిప్పితే ఫ్యాను మంచిగ నడుస్తది. తిప్పాల్నా?"

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. పెదాలు కూడదీసుకున్నాడు.

"ఎటన్న... తిప్పుకోండ్రి. దక్షిణమైతే... దక్షిణం."

మంచం అవతల పెద్దబాపు కుర్చీ కిర్రుమంది. గెలిచానని లేవబోయాను. ప్లేట్లు ఆ మర్నాడే దక్షిణానికి తిరిగాయి. సెలవుల్లో కొత్త బ్యాటరీ వచ్చింది, ఫ్యాను పొద్దంతా తిరిగింది, పుండు మానింది. ఆ తర్వాత బాపు నాలుగేళ్ళు బతికాడు, ఆఖరికి యముడు ఏ దిక్కు నుంచి వచ్చాడో పెద్దబాపు కూడా చెప్పలేకపోయాడు. కానీ అదంతా తర్వాత. ఆ రోజు నేను లేవబోతుంటే బాపు ఎడమ చేత్తో నా కొంగు పట్టుకున్నాడు.

"నన్ను గూడ... తిప్పుండ్రి."

"ఎటు బాపూ?"

"వాకిలి దిక్కు. గీ గోడ... సూసి సూసి... సస్తున్న బిడ్డా. మనిషి మొహం... కనవడది."

దసరా నుంచి ఆయన మూలుగు అందరం విన్నాం. నొప్పికి అనుకున్నాం, చలికి అనుకున్నాం. దుప్పట్లు కప్పాం, మందు మార్చాం. గాలి పుండు మీద పడుతుందా లేదా అని చూశాం గానీ ఆ మనిషి దేన్ని చూస్తూ పడుకున్నాడో ఒక్కరమూ చూడలేదు. ఊళ్ళో అందరితో ఆయన కోసం కొట్లాడి వచ్చిన నేను కూడా చూడలేదు.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు బాపూ?" అన్నాను. నా గొంతులో అప్పుడు కూడా కోపమే ఉంది, ఆయన మీద.

ఆయన కొంగు వదిలాడు.

"దినాం చెప్పిన" అన్నాడు. "మీరందరు... మీదికే సూస్తిరి."